జూబిలీహిల్స్‌లో ఇల్లు కొంటారా? ముందోసారి తిరిగి చూసి రండి!

హైదరాబాదు వెళ్ళినవాళ్ళు చార్మినార్ చూస్తారు, సాలార్‌జంగ్ మ్యూజియం చూస్తారు, లాడ్‌బజారులో గాజులు కొంటారు. చివరికి పిల్లల పోరు పడలేక జూబిలీహిల్స్, ఫిలింనగర్ వైపు కారు తిప్పిస్తారు. "అదిగో, ఆ గేటు ఫలానా హీరోది", "ఇదిగో, ఈ మేడ ఫలానా హీరోయిన్‌ది" అని డ్రైవరు చెబుతుంటే అందరూ మెడలు చాచి చూస్తారు. కనిపించేదేమిటి? ఎత్తయిన గోడ, దాని మీంచి వేలాడే కాగితంపూల తీగె, గేటు దగ్గర స్టూలేసుకుని కూచున్న వాచ్‌మన్. అంతే! అయినా ఇల్లు చేరాక ఒక మాట మాత్రం మొదలవుతుంది. "ఏమండీ, అక్కడ చిన్న ఫ్లాటు దొరికినా చాలు కదా! మన తర్వాత పిల్లలకైనా పనికొస్తుంది."

ఈమధ్య దీనికి ఇంకో మాట తోడయింది. 2020 మార్చిలో కరోనాతో మూతబడ్డ గోల్కొండ, చార్మినార్ మళ్ళీ జనంతో కిటకిటలాడుతున్నాయి. 2025 మే నెలలో ప్రపంచ సుందరి పోటీలు హైదరాబాదులోనే జరిగాయి. దేశదేశాల అమ్మాయిలు చార్మినార్ దగ్గర నడిచారు. ఇంకేం, "టూరిస్టులు వస్తున్నారమ్మా, కోట దగ్గరో, చార్మినార్ దగ్గరో పాత ఇల్లు ఒకటి పడేసుకుంటే అద్దెలే అద్దెలు" అని ఊరించే బ్రోకర్లకి కొదవ లేదు.

చీర నచ్చకపోతే మర్నాడు వెళ్ళి మార్చుకుంటాం. ఇల్లు అలాకాదు. మీ నగలు, ఆయన ప్రావిడెంట్ ఫండు, పుట్టింటివాళ్ళిచ్చిన పొలం డబ్బు అన్నీ పోగేసి కొనే వస్తువది. అందుకే కొనే ముందు ఈ చోట్లన్నీ కాళ్ళతో ఒకసారి తిరిగి చూడండి. రండి, చెక్‌పోస్టు దగ్గర మొదలుపెడదాం.

బండరాళ్ళ మీద లేచిన ఊరు

అరవై ఏళ్ళ కిందట జూబిలీహిల్స్ అంటే రాళ్ళే. ఏనుగంత బండ మీద ఎద్దంత బండ, దాని మీద ఇంకోటి. ఇవి దాదాపు రెండువందల యాభై కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు రాళ్ళని శాస్త్రజ్ఞులు చెబుతారు. 1960లలో సహకార గృహనిర్మాణ సంఘం ఏర్పడి ఇక్కడ ప్లాట్లు వేసినప్పుడు, ఆ రాళ్ళగుట్టల్లో కాపురమేమిటని నవ్వినవాళ్ళు లేకపోలేదు. ఆ రాళ్ళని పేల్చి, చదును చేసి, మేడలు కట్టారు. మిగిలిన రాళ్ళనైనా కాపాడుకోవాలని 1996లో ఒక సంఘమే పుట్టింది. ఇప్పటికీ కొన్ని ఇళ్ళల్లో బండని పగలగొట్టకుండా దాని చుట్టూ తోట పెంచుకున్నవాళ్ళున్నారు.

చెక్‌పోస్టుకి దగ్గర్లోనే కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు ఉంది. 1998లో దీన్ని జాతీయ పార్కుగా ప్రకటించారు. పొద్దున్నే వెళితే నెమళ్ళు కనిపిస్తాయి. చుట్టూ నడిచేవాళ్ళలో మీరు తెరమీద చూసిన మొహమూ ఒకటి ఉండొచ్చు. ఈ పచ్చదనం దగ్గర ఉండటం వల్లే చుట్టుపక్కల ఇళ్ళకి అంత గిరాకీ. పార్కుని ఎవరూ ముక్కలు చేసి అమ్మలేరు కదా! ఇల్లు చూసేటప్పుడు ఇలాంటి కదలని మంచిని లెక్కలో వేసుకోవాలి.

మద్రాసు నుంచి వచ్చిన సంసారం

తెలుగు సినిమా పుట్టిపెరిగింది మద్రాసులో. ఎన్.టి.రామారావుగారి ఇల్లు టి.నగర్ బజుల్లా రోడ్డులో ఉండేది. స్టూడియోలు కోడంబాకం, వడపళనిల్లో ఉండేవి. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక పరిశ్రమని ఇక్కడికి తేవాలనే ప్రయత్నం మొదలైంది. అమీర్‌పేటలో సారథి స్టూడియో 1950ల చివర్లోనే సినిమాలు తీయడం మొదలుపెట్టింది. అక్కినేని నాగేశ్వరరావుగారు 1960లలో హైదరాబాదుకి మకాం మార్చారు. 1976లో బంజారాహిల్స్‌లో 22 ఎకరాల రాళ్ళగుట్ట మీద అన్నపూర్ణ స్టూడియో తెరిచారు. తర్వాత కృష్ణగారి పద్మాలయ, రామానాయుడుగారి స్టూడియో ఫిలింనగర్ వైపు వచ్చాయి. స్టూడియో వెనకాల నటులు, నిర్మాతలు, డబ్బింగ్ థియేటర్లు, ఎడిటింగ్ గదులు, ఫిలిం ఛాంబరు, కల్చరల్ సెంటర్ అన్నీ ఒక్కొక్కటే వచ్చి చేరాయి.

మరి మద్రాసులో ఏమైంది? ఒకప్పుడు వెలిగిపోయిన విజయా వాహినీ స్టూడియో స్థలంలో ఇవాళ పెద్ద షాపింగ్ మాల్ ఉంది. అంటే సినిమా వచ్చినచోట ఎల్లకాలం సినిమాయే ఉంటుందని రాసిపెట్టి లేదు. పని ఎటు పోతే కళాకారులు అటు పోతారు. ఇప్పుడు కూడా పెద్ద సెట్టింగులు చాలావరకు 1996లో మొదలైన రామోజీ ఫిలింసిటీలోనో, ఊరి చివర ఖాళీ స్థలాల్లోనో వేస్తున్నారు. "ఇది హీరోల వీధమ్మా" అని బ్రోకరు గజానికి ఇంకో పదివేలు ఎక్కువ చెబితే, ఆ హీరో రేపు ఇల్లు మారితే ఆ పదివేలు ఎవరిస్తారని అడగండి!

నంబరే చిరునామా

జూబిలీహిల్స్‌లో వీధులకి ఎక్కువగా పేర్లు ఉండవు, నంబర్లే. రోడ్డు నంబరు 36 ఒకప్పుడు ఇళ్ళ వీధి. ఇప్పుడు అంతా నగల దుకాణాలు, బట్టల షోరూములు, హోటళ్ళు. 2019లో దాని మీదుగా మెట్రో వచ్చింది. చెక్‌పోస్టు తర్వాతి స్టేషన్ పేరే పెద్దమ్మ గుడి. ఆషాఢంలో బోనాలకి ఈ గుడి దగ్గర ఇసకేస్తే రాలని జనం. రోడ్డు నంబరు 45 చివర్నుంచి దుర్గం చెరువు మీద 2020 సెప్టెంబరులో తీగల వంతెన తెరిచారు. సాయంత్రం దీపాల్లో దాన్ని చూడ్డానికి ఊరంతా వస్తుంది.

ఇదంతా చూడ్డానికి బాగుంటుంది. కానీ మీరు కొనబోయే ఇల్లు ఈ రోడ్ల మీదే ఉంటే? రాత్రి పన్నెండింటికి హారన్లు, ఆదివారం గేటు ముందు ఎవరివో కార్లు, పెద్దవాళ్ళకి నిద్రలేమి. దుకాణానికి అద్దెకిచ్చే ఉద్దేశమైతే పెద్దరోడ్డు మంచిదే. సంసారం చేసే ఉద్దేశమైతే దానికి రెండు సందుల లోపలే మేలు. అందుకే ఇల్లు ఒక్కసారి చూసి బయానా ఇవ్వకండి. మంగళవారం మధ్యాహ్నం ఒకసారి, శనివారం రాత్రి ఒకసారి, వాన పడ్డ మర్నాడు ఒకసారి చూడండి. కొండ ఊరు కదా, పైన పడ్డ నీరంతా కింద వీధిలోకి ఏరులా దిగుతుంది. సెల్లారులో నీటి చార ఎంత ఎత్తుందో గోడే చెబుతుంది.

ఫిలింనగర్‌లో రెండు ఊళ్ళు

అపోలో ఆస్పత్రి వైపు నుంచి ఫిలింనగర్‌లోకి వెళ్ళండి. ఒకే ఆవరణలో ఎందరో దేవుళ్ళు కొలువైన దైవసన్నిధానం కనిపిస్తుంది. కొత్త సినిమా మొదలుపెట్టేవాళ్ళు ఇక్కడికి వచ్చి పూజ చేయించుకోవడం మామూలే. గుడి ముందు పెద్ద కారు, పక్కన కొబ్బరికాయలమ్మే అవ్వ తోపుడుబండి. ఫిలింనగర్ అంటే ఇదే. మేడలున్న వీధి దాటితే గుట్ట వాలులో ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కినట్టు బస్తీల ఇళ్ళు. మేడల్లో వంట చేసేవాళ్ళు, కార్లు నడిపేవాళ్ళు, సెట్లకి మేకులు కొట్టేవాళ్ళు ఎందరో అక్కడే ఉంటారు. కాస్త అవతల యూసుఫ్‌గూడ పక్కన కృష్ణానగర్. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌బాయ్‌లు, అవకాశం కోసం ఊరు వదిలొచ్చిన కుర్రాళ్ళు గదికి నలుగురేసి ఉండే చోటు అది. సినీ కార్మికుల కోసం మణికొండ వైపు చిత్రపురి కాలనీ వచ్చింది. దానికోసం పాటుపడిన నటుడు డాక్టర్ ఎం.ప్రభాకరరెడ్డిగారి పేరే దానికి పెట్టారు.

ఈ బస్తీల్లో "యాభై గజాలు, తక్కువకే ఇస్తాం" అనే ఇళ్ళుంటాయి. వీటిలో చాలావాటికి నోటరీ కాగితమే ఆధారం. ప్రభుత్వ స్థలంలో ఉన్న 125 గజాల లోపు పేదల ఇళ్ళని ఉచితంగా క్రమబద్ధం చేసేందుకు 2014 డిసెంబరులో 58 నంబరు జీవో వచ్చింది. ఆ పట్టా వచ్చిందా, వస్తే అమ్ముకునే హక్కు ఉందా అన్నది ఇంటింటికీ వేరుగా చూడవలసిన సంగతి. ఒకటి మాత్రం మరిచిపోకండి. చట్టం ప్రకారం వంద రూపాయలో, అంతకన్నా ఎక్కువో విలువచేసే స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. నోటరీ ముద్ర ఎంత ఎర్రగా ఉన్నా అది రిజిస్ట్రేషన్ కాదు. జి.పి.ఎ. కాగితంతో హక్కు మారదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది.

వంటింటి కుళాయి తిప్పి చూడండి

ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు మగవాళ్ళు హాలు చూస్తారు, పార్కింగు చూస్తారు. మీరు మాత్రం నేరుగా వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పండి. జూబిలీహిల్స్ కింద అంతా రాయే కాబట్టి బోర్లు వేసవిలో ఎండిపోతాయి. ఏప్రిల్ వస్తే ట్యాంకర్లు కొండెక్కుతూనే ఉంటాయి. మంజీరా నీళ్ళు ఎన్నిరోజులకోసారి వస్తాయి, సంపు ఎన్ని లీటర్లు, నిరుడు మే నెలలో ట్యాంకర్లకి ఎంతయింది అని అదే అపార్టుమెంట్‌లో ఉండే ఇల్లాలిని అడగండి. వాచ్‌మన్ భార్యని అడిగితే ఇంకా బాగా చెబుతుంది. ఇంకుడుగుంత ఉందో లేదో కూడా చూడండి.

కూరగాయల సంగతీ చూసుకోవాలి. ఇక్కడి సూపర్‌బజార్లలో ధర చూస్తే చెయ్యి వెనక్కి వస్తుంది. రైతుబజారుకి ఎర్రగడ్డకో, మెహిదీపట్నానికో వెళ్ళాలి. బడి, మందుల షాపు, పాలబూతు నడిచివెళ్ళే దూరంలో లేకపోతే ప్రతిదానికీ కారు తీయాలి. ఎగుడుదిగుడు రోడ్డు మీద మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు నడవగలరా? ఇలాంటివన్నీ ఇంటి ధరలో కనిపించని ఖర్చులు.

అద్దె లెక్క చీటీ మీద వేద్దాం

ఉండటానికి కాక అద్దె కోసం కొందామనుకుంటున్నారా? ఒక లెక్క వేద్దాం. కోటి రూపాయల ఫ్లాటు అనుకుందాం. నెలకి పాతికవేలు అద్దె వస్తుందనుకుందాం. ఏడాదికి మూడు లక్షలు. అందులో మెయింటెనెన్సు నెలకి మూడువేల చొప్పున 36 వేలు పోతుంది. ఒక నెల ఖాళీగా ఉంటే ఇంకో 25 వేలు. ఇంటిపన్ను, సున్నాలు, కుళాయి మరమ్మతులు 20 వేలు. మిగిలేది రెండు లక్షల 19 వేలు. అంటే నూటికి రెండు రూపాయల చిల్లర. ఇదే బ్యాంకులో వేస్తే వడ్డీ ఎంతొస్తుందో మీకు తెలుసు. ఇంటి మీద లాభమంతా ధర పెరగడంలోనే ఉందన్నమాట. ఆ ధర మనం అమ్మినప్పుడే చేతికొస్తుంది. అప్పుచేసి కొని, అద్దెతో వాయిదా కడదామనుకుంటే సంసారం తలకిందులే.

ఇక ఇక్కడ అద్దెకి ఎవరుంటారు? 1998లో సైబర్ టవర్స్ తెరిచిన దగ్గర్నుంచి హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేసేవాళ్ళు, ఆస్పత్రుల డాక్టర్లు, పిల్లల చదువుకని వచ్చినవాళ్ళు. రోజూ ఆఫీసుకి వెళ్ళేవాళ్ళ అవసరం మీద నిలబడ్డ అద్దె నెలనెలా వస్తుంది. సరదాకి వచ్చేవాళ్ళ మీద నిలబడ్డ అద్దె సరదా ఉన్నన్నాళ్ళే. 2020లో ఏమైందో చూశాం కదా! టూరిస్టులు ఆగిపోయారు, షూటింగులూ ఆగిపోయాయి. కృష్ణానగర్లో పొయ్యి వెలగని పరిస్థితి వస్తే, చిరంజీవిగారి ఆధ్వర్యంలో నిధి పోగుచేసి కార్మికుల ఇళ్ళకి సరుకులు పంచారు. టూరిస్టుల అద్దెనే నమ్ముకోదలిస్తే ఆరునెలలు అద్దె రాకపోయినా కదలని ఇల్లు అయితేనే కొనండి.

"షూటింగుకిస్తే రోజుకింత ఇస్తారు" అనే ఆశ ఒకటుంది. నిజమే, ఇస్తారు. వాళ్ళతోపాటు వందమంది మనుషులు, జనరేటరు, లైట్లు, టిఫిన్ల బండి కూడా వస్తాయి. అపార్టుమెంట్ అయితే సంఘం ఒప్పుకోవాలి. గోడకి మేకు కొడితే ఎవరు బాగుచేయాలో, రాత్రి ఎన్నింటికి ఆపాలో ముందే కాగితం మీద రాయించుకోవాలి. టూరిస్టులకి రోజుల లెక్కన ఇచ్చినా అంతే. విదేశీ అతిథి వస్తే 24 గంటల్లోగా అధికారులకి ఆ వివరం పంపాలన్న నిబంధన ఉంది. పక్కింటివాళ్ళతో పేచీ రాకుండా చూసుకోవడం వేరే పని.

కొండ దిగితే గోల్కొండ

ఫిలింనగర్ గుట్ట అంచున నిలబడి చూడండి. దూరంగా గుమ్మటాలు, దాని వెనక కోట. కొండ దిగి షేక్‌పేట, టోలిచౌకి దాటితే కుతుబ్‌షాహీ సమాధులు. హీరోల వీధికీ సుల్తానుల తోటకీ మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. ఆగాఖాన్ ట్రస్టువాళ్ళు, రాష్ట్ర పురావస్తు శాఖవాళ్ళు కలిసి 2013 నుంచి ఈ సమాధులని, బావులని బాగుచేశారు. 2024 జూలైలో ఆ పని పూర్తయింది. మెట్ల బావులకి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం కూడా వచ్చింది. ఒక సాయంత్రం వెళ్ళి ఆ బావి గట్టున నిలబడితే, నీళ్ళ విలువ తెలిసిన ఇల్లాలికి కళ్ళు చెమరుస్తాయి.

కోట గోడల లోపల ఇప్పటికీ జనం కాపురముంటున్నారు. ఆషాఢ బోనాలు మొదలయ్యేదే ఇక్కడ. ఈ చుట్టుపక్కల ఇల్లు చవగ్గా దొరికితే దానికో కారణం ఉంటుంది. కేంద్ర పురావస్తు శాఖ కాపాడుతున్న కట్టడానికి నూరు మీటర్ల లోపల కొత్త కట్టడం నిషేధం. ఆ తర్వాత ఇంకో రెండువందల మీటర్ల దాకా అనుమతి తీసుకునే కట్టాలి. గోల్కొండ కోట, చార్మినార్ రెండూ ఆ శాఖ కిందివే. పాత ఇల్లు కొని పైన రెండంతస్తులు వేసి టూరిస్టులకిద్దామన్న ఆలోచన ఆ గీత దగ్గరే ఆగిపోతుంది. మరమ్మతుకి కూడా అనుమతి కావాలి.

చార్మినార్ నీడలో

సమాధుల దగ్గర్నుంచి పాతబస్తీకి వెళ్ళండి. చార్మినార్ కట్టింది 1591లో. లాడ్‌బజారు లక్క గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఫలక్‌నుమా ప్యాలెస్ ఎన్నో ఏళ్ళు బాగుచేయించాక 2010లో హోటలయింది. అలాంటివి చూసి "మనం కూడా చిన్న హవేలీ కొని..." అనిపిస్తుంది. ప్యాలెస్ బాగుచేయడానికి ఏళ్ళకేళ్ళు పట్టింది, వెనక పెద్ద కంపెనీ ఉంది. మన చేతిలో ఉన్నది పదిహేనేళ్ళ పొదుపు. చార్మినార్ దగ్గరే సర్దార్ మహల్ అని ఒకటుంది. ఆరో నిజాం కట్టించింది. పన్ను బకాయిల కింద 1965లో మున్సిపాలిటీ దాన్ని స్వాధీనం చేసుకుంది. రాజుల ఇంటికైనా ఇంటిపన్ను తప్పదు మరి!

పాతబస్తీ ఇళ్ళకి చిక్కులు మూడు. మొదటిది రోడ్డు విస్తరణ. మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్ల మెట్రోకి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. 2025 జనవరి నుంచి స్థలం పోయేవాళ్ళకి గజానికి 81 వేల రూపాయల లెక్కన పరిహారం ఇవ్వడం మొదలుపెట్టారు. మీరు చూసిన ఇంటి ముందు గదులు ఆ గీతలో ఉన్నాయేమో మొదట కనుక్కోవాలి. రెండోది అద్దెదార్లు. కింద ముల్గీలు, అంటే దుకాణాలు, రెండుతరాలుగా పాత అద్దెకే నడుస్తుంటాయి. ఖాళీ చేయించడం కోర్టు పని. మూడోది వారసులు. ఇక్కడ కొంచెం ఆగి మాట్లాడుకోవాలి.

ఆడపడుచుల సంతకాలు ఉన్నాయా?

పాత ఇల్లు ఏదైనా, పాతబస్తీదైనా, జూబిలీహిల్స్ మొదటితరం బంగళా అయినా, అమ్ముతామని ముందుకొచ్చేది అన్నదమ్ములే. మీరు అడగవలసిన మాట ఒకటుంది. "మీ అక్కచెల్లెళ్ళు ఎందరు? వాళ్ళు సంతకం పెడతారా?"

ముస్లిం కుటుంబాల్లో కూతురికి వాటా వాళ్ళ ధర్మశాస్త్రంలోనే ఉంది. హిందూ కుటుంబాల్లో ఉమ్మడి ఆస్తి మీద కూతురికి హక్కు మన రాష్ట్రంలో ఎప్పుడొచ్చిందో తెలుసా? సినిమా నుంచి ముఖ్యమంత్రి అయిన ఎన్.టి.రామారావుగారి హయాంలో, 1986 సవరణతో. అది 1985 సెప్టెంబరు నుంచి వర్తించింది. అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకి కొడుకులతో సమానంగా వాటా వచ్చింది. దేశమంతటా, పెళ్ళయినవాళ్ళకి కూడా, 2005లో వచ్చింది. అక్కచెల్లెళ్ళ సంతకం లేకుండా అమ్మిన ఇల్లు కొంటే పదేళ్ళ తర్వాతైనా కోర్టు నోటీసు రావచ్చు. ఆ నోటీసు వచ్చినప్పుడు ఆమె మీద కోపం తెచ్చుకోకండి. అది ఆమె పుట్టిల్లు. మీ పుట్టింట్లో మీకు అలా జరిగితే ఎలా ఉంటుందో ఒక్కసారి తలుచుకోండి. అందుకే డబ్బు లెక్కపెట్టే ముందు సంతకాలు లెక్కపెట్టండి.

కాగితాల కట్ట

వకీలు ఫీజు దండగ అనుకోవద్దు. ముప్ఫై ఏళ్ళ లింకు డాక్యుమెంట్లు, ఈ.సి. తీయించి చూపించండి. స్థలం 22ఎ నిషేధిత జాబితాలో ఉందేమో, అంటే ప్రభుత్వ, వక్ఫ్, దేవాదాయ భూమేమో చూడాలి. ఈ కొండల పక్కనే మణికొండలో హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా పేర ఉన్న 1654 ఎకరాలు వక్ఫువా, ప్రభుత్వానివా అన్న తగవు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2022 ఫిబ్రవరిలో ప్రభుత్వానివేనని తీర్పు వచ్చింది. ఈలోగా అక్కడి పెద్ద అపార్టుమెంట్లలో డబ్బు పెట్టినవాళ్ళు ఏళ్ళ తరబడి గుండెలు అరచేత పట్టుకున్నారు. పెద్ద ప్లాటు అయితే 1976 నాటి పట్టణ భూపరిమితి చట్టం కింద మిగులుగా తేలిందేమో కూడా చూడాలి. హైదరాబాదులో పరిమితి వెయ్యి చదరపు మీటర్లు. ఆ చట్టం మన దగ్గర 2008లో పోయినా, అంతకుముందే ప్రభుత్వం తీసుకున్న స్థలం తిరిగి రాదు.

చెరువు కనిపించే ఇల్లు అంటే సంబరపడకండి. పెద్ద చెరువు నిండునీటి గీత దాటాక 30 మీటర్లు, 25 ఎకరాల లోపు చిన్న చెరువుకి 9 మీటర్లు ఏమీ కట్టకూడని చోటు. 2024 జూలైలో హైడ్రా ఏర్పడ్డాక ఇలాంటి కట్టడాలు కూల్చడం టీవీల్లో అందరం చూశాం. కొత్త ఫ్లాటు అయితే 2016 రెరా చట్టం కింద నమోదయిందా అని అడగండి. పాత ఫ్లాటు అయితే మీ వాటాకి స్థలం ఎన్ని గజాలొస్తుందో దస్తావేజులో చూడండి. ముప్ఫై ఏళ్ళకి గోడలు పాతబడతాయి, ధర పలికేది ఆ గజాలే.

ఖర్చులు కూడా ముందే రాసుకోండి. 2021 జూలైలో స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి ఏడున్నర శాతం చేశారు. ఆ లెక్కన కోటికి ఏడున్నర లక్షలు. మీరు వెళ్ళే రోజుకి రేటు ఎంతుందో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కోండి. ధర 50 లక్షలు, ఆపైన అయితే కొనేవాళ్ళే ఒక శాతం పన్ను కింద మినహాయించి కట్టాలి. కడుతూ ఉండగా కొంటే జి.ఎస్.టి. అదనం.

మరి మీ పేరు?

ఇంత తిరిగి, ఇంత చూసి, చివరికి దస్తావేజు మీద ఎవరి పేరు రాయిస్తారు? "ఎవరి పేరైతే ఏముందిలే" అనేస్తాం మనం. ఉంది. ఇల్లు భర్త ఒక్కరి పేరే ఉండి, ఆయన వీలునామా రాయకుండా పోతే, భార్యకి దక్కేది పూర్తి ఇల్లు కాదు. ఆమె, పిల్లలు, ఆయన తల్లి తలా ఒక సమాన వాటాకి హక్కుదార్లు. మీ నగలమ్మిన డబ్బు అందులో ఉందని ఆనాడు నోటిమాటగా చెబితే ఎవరూ వినరు. ఆ డబ్బు మీ బ్యాంకు ఖాతా నుంచే కట్టండి, దస్తావేజులో ఇద్దరి పేర్లూ రాయించండి. 1956 చట్టం ప్రకారం హిందూ స్త్రీ తన పేర సంపాదించుకున్న ఆస్తి ఆమెకి సంపూర్ణ హక్కుతో చెందుతుంది. భర్త లెక్కచెప్పగల డబ్బుతో భార్య పేర కొంటే అది బినామీ కాదు. అద్దె మీద పన్ను మాత్రం ఆయన ఆదాయంలో కలిపి లెక్కిస్తారు. ఈ సంగతి పోట్లాటగా కాకుండా, భోజనాలయ్యాక తీరిగ్గా కూచుని మాట్లాడుకోండి. అర్థం చేసుకోని మగవాళ్ళు తక్కువే.

ఇక సరదాగా ఒక్కరోజు తిరగాలంటే ఇలా చేయండి. పొద్దున ఆరింటికి పార్కులో నడక, ఎనిమిదింటికి పెద్దమ్మ దర్శనం, అక్కణ్ణుంచి ఫిలింనగర్ దైవసన్నిధానం. ఎండెక్కేలోగా కుతుబ్‌షాహీ సమాధులు. మధ్యాహ్నం భోంచేసి పాతబస్తీ, లాడ్‌బజారులో గాజులు. చీకటి పడ్డాక తీగల వంతెన. నీళ్ళసీసా, కాళ్ళకి మెత్తటి చెప్పులు మరవద్దు. దారిలో ఎక్కడైనా "అమ్మబడును" బోర్డు కనిపించి మనసు లాగితే, ఫోను నంబరు రాసుకుని వచ్చేయండి. బయానా మాత్రం ఆ రోజు ఇవ్వకండి!